లండన్‌లో బ్రౌన్ దొర సమాధి చూడాలి, లోపలికి పోనిస్తారా?

కడప_పంతులు:

అందరికీ నమస్కారం. నేను కడప జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మాయి దగ్గరికి వచ్చి నెలన్నర అయింది, వాళ్ళుండేది హారోలో. ఇంతవరకూ చూసినవన్నీ అందరూ చూసేవే, పెద్ద గడియారం, టవర్ బ్రిడ్జి, రాజుగారి ప్యాలెస్ గేటు. విమానం ఎక్కకముందు నుంచీ నా మనసులో ఉన్నది ఒకటే, సి.పి. బ్రౌన్ సమాధి. కడపలో ఆయన బంగళా ఉన్న చోట కట్టిన గ్రంథాలయానికి నేను ఎన్నిసార్లు పోయింటానో లెక్కలేదు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చేసినాడు, 1852లో నిఘంటువు తెచ్చినాడు, ముసలితనంలో ఇక్కడే లండన్‌లో తెలుగు ప్రొఫెసరుగా ఉన్నాడు, 1884 డిసెంబరు 12న ఈ ఊర్లోనే పోయినాడు. కెన్సల్ గ్రీన్ అనే శ్మశానంలో పెట్టినారని చదివినాను.

ఇప్పుడు సంగతి ఏమంటే, మా అల్లుడు నెట్‌లో చూసి "మామయ్యా, ఇక్కడ పాత శ్మశానాలకు టికెట్టు ఉంటుంది, గైడుతో తప్ప పోనివ్వరు" అంటున్నాడు. మా ఆవిడేమో "ఊరు కాని ఊరొచ్చి శ్మశానానికి పోతారా ఎవరైనా, పైగా పిల్లోణ్ణి కూడా తీసుకొని" అని మొదలుపెట్టింది. మనవడికి ఏడేళ్ళు, వాడికి మాత్రం భలే హుషారుగా ఉంది, దయ్యాలుంటాయేమోనని.

తెలిసినవాళ్ళు చెప్పండి. టికెట్టు నిజమేనా? లోపల ఆయన సమాధి ఎక్కడుందో ఎట్లా కనుక్కోవాలి? ఒక దండ వేసి రెండు అగరుబత్తీలు వెలిగిస్తే ఏమన్నా అంటారా? ఫోటో తీసుకోవచ్చునా? నాకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేను. వీలైతే కాటన్ దొర సమాధి కూడా ఇంగ్లండులోనే ఎక్కడో ఉందంటారు, అది దూరమా?

బేకర్లూ_బాబాయి:

మాస్టారూ, హారోలో ఉండి మీరు దీనికి టెన్షన్ పడుతున్నారా! మీ ఇంటి దగ్గర హారో అండ్ వీల్డ్‌స్టోన్ స్టేషన్‌లో బేకర్లూ లైన్ రైలెక్కితే మారే పని లేకుండా నేరుగా కెన్సల్ గ్రీన్‌లో దిగిపోవచ్చు. విల్లెస్డెన్ జంక్షన్ దాటాక వచ్చేదే. స్టేషన్ బయటికొచ్చి హారో రోడ్డు మీదికి చేరితే పొడుగాటి గోడ కనిపిస్తుంది, అదే.

టికెట్టు లేదు. గేటు తెరిచున్న వేళల్లో ఎవరైనా పోవచ్చు, గైడు అక్కర్లేదు. మీ అల్లుడు చూసింది హైగేట్ శ్మశానం సంగతి అయ్యుంటుంది, కార్ల్ మార్క్స్ ఉన్నది. దానికి టికెట్టు ఉంది. లండన్‌లో అన్నిటికీ ఒకటే రూల్ కాదు, ఏది ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, మీరు చేయకండి. అక్కడ గోడకి గోడ ఆనుకుని రెండు శ్మశానాలున్నాయి. ఒకటి మీకు కావలసిన కెన్సల్ గ్రీన్, ఇంకోటి సెయింట్ మేరీస్ అని క్యాథలిక్కులది, 1858 నుంచి ఉంది. నేను మొదటిసారి వెళ్ళింది బ్రూనెల్ సమాధి చూద్దామని (సివిల్ ఇంజనీరింగ్ చదివినోడికి ఆయన దేవుడి లెక్క), రెండోదాన్లో దూరి గంటన్నర తిరిగాను. ప్రతి రాయి మీదా ఐరిష్ పేర్లు, ఇటాలియన్ పేర్లు, బ్రూనెల్ మాత్రం లేడు. చివరికి పూలు పెట్టడానికొచ్చిన ఒక పెద్దావిడ నా మొహం చూసి జాలిపడి "బాబూ నువ్వు వెతికేది గోడ అవతల" అంది. కాబట్టి గేటు మీద పేరు చదివి మరీ లోపలికి వెళ్ళండి.

రెండోది ముఖ్యం. ఊరికే వెళ్ళి వెతుకుదాంలే అనుకోవద్దు. డెబ్భై ఎకరాల పైచిలుకు ఉంటుంది, వేల వేల రాళ్ళు, సగం ఒరిగిపోయి, సగం ఐవీ తీగల కింద. ఆ స్థలాన్ని గళ్ళుగళ్ళుగా విడగొట్టి ప్రతి గడికీ ఒక నంబరు, ప్రతి సమాధికీ ఒక నంబరు ఇచ్చారు, మన సర్వే నంబర్ల మాదిరి. శ్మశానం ఆఫీసులో మొదట్నుంచీ రిజిస్టర్లున్నాయి. పేరు, చనిపోయిన తేదీ రాసి ముందుగా మెయిల్ పెడితే ఆ నంబర్లు చెప్తారు. వెతికిపెట్టినందుకు ఫీజు అడగొచ్చు, ముందే కనుక్కోండి. బ్రౌన్ అన్న ఇంటిపేరు ఇక్కడ మన రెడ్డి, రావు లాంటిది, అందుకని "చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1884 డిసెంబరు" అని పూర్తిగా రాయండి. లేకపోతే ఏ బ్రౌన్ దగ్గర దండేసి వస్తారో!

మోకాళ్ళ సంగతి: గేటు నుంచి చర్చి దాకా పోయే పెద్ద దారి చదునుగానే ఉంటుంది. దారి వదిలి గడ్డిలోకి దిగితేనే కష్టం. నేల మెత్తగా, గుంటలు గుంటలుగా ఉంటుంది, పైకి గడ్డి కప్పేసి కనిపించదు. కర్ర పట్టుకెళ్ళండి, చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. లోపల బాత్రూమ్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. చలికాలం అయితే పెందలాడే మూసేస్తారు, ఆ నెలల్లో నాలుగింటికే చీకటి పడిపోతుంది కదా, పొద్దున్నే వెళ్ళడం మేలు.

గోదారి_పిల్ల:

నమస్తే మాస్టారూ. కాటన్ దొర ప్రశ్నకి జవాబు నేను చెప్పాలి, ఎందుకంటే మాది ధవళేశ్వరం పక్క ఊరు, ఆయన పేరు ఇంకొకరు ముందు చెప్తే మా నాన్న ఒప్పుకోడు.

ఆయన సమాధి డార్కింగ్ అనే ఊళ్ళో, సర్రే జిల్లాలో. లండన్ రైలు టికెట్ జోన్ల బయట. వాటర్లూ నుంచీ విక్టోరియా నుంచీ రైళ్ళున్నాయి. ఆయన 1899 జూలైలో ఆ ఊళ్ళోనే తొంభై ఆరేళ్ళ వయసులో పోయారు. శ్మశానం రైగేట్ రోడ్డు మీద, స్టేషన్ నుంచి నడవగలిగిన దూరమే కానీ మీ మోకాళ్ళకి టాక్సీ నయం. అక్కడా టికెట్ లేదు. కొండవాలు మీద, చిన్న ఊరి శ్మశానం, ప్రశాంతంగా ఉంటుంది. మా అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. నాన్న చిన్న సీసాలో గోదారి నీళ్ళు సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు, మాకెవరికీ చెప్పలేదు! అక్కడ నిలబడి గోదారొడ్డున పంతుళ్ళు సంకల్పంలో కాటన్ దొర పేరు చెప్పే శ్లోకం పైకి చదివి ఆ నీళ్ళు రాయి పక్కన గడ్డిలో పోశాడు. దూరంగా కుక్కని తిప్పుకుంటున్న ఒకాయన ఆగి, టోపీ తీసి, అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు.

ఇక అమ్మగారి అభ్యంతరం గురించి. మేము క్రిస్టియన్స్‌మి (నాన్న శ్లోకం చదవడం ఏంటని అడక్కండి, గోదారి జిల్లాలో కాటన్ దొర అన్ని మతాలవాడూ). మా వైపు శ్మశానం అనం, సమాధుల తోట అంటాం. నవంబరు రెండున సమాధుల పండగకి ఊరంతా అక్కడే ఉంటుంది. ముందు రోజే వెళ్ళి గడ్డి పీకి, సున్నం వేసి, సాయంత్రం కొవ్వొత్తులు పెడతాం, పిల్లలు సమాధుల మధ్యే ఆడుకుంటారు. అమ్మమ్మ పక్కన కూర్చుని పులిహోర తిన్న రోజులున్నాయి. కాబట్టి భయపడే చోటు కాదని అమ్మగారికి చెప్పండి. మైల అనిపిస్తే ఇంటికి రాగానే స్నానం చేస్తే పోయె, ఇక్కడ వేణ్ణీళ్ళకి కరువా.

కానీ కొన్ని జాగ్రత్తలు. అది మ్యూజియం కాదు, ఇప్పటికీ రోజూ అంత్యక్రియలు జరిగే చోటు. నల్ల కార్లు వరసగా వస్తుంటే దారి పక్కకి తప్పుకుని అవి పోయేదాకా ఆగాలి, ఆ వైపు ఫోన్ ఎత్తకూడదు. పాత రాళ్ళని ఎంతైనా ఫోటో తీసుకోండి, కొత్త సమాధుల జోలికి మాత్రం వెళ్ళద్దు, అక్కడ కూర్చున్నవాళ్ళు నిన్నా మొన్నా పోగొట్టుకున్నవాళ్ళు. పూలు పెట్టచ్చు, విడిపూలు మంచిది, ప్లాస్టిక్ కవర్ తీసేసి పెట్టండి. అగరుబత్తి మాత్రం నా మాట విని మానేయండి. ఎండాకాలం గడ్డి ఎండి ఉంటే ఒక నిప్పురవ్వ చాలు. పసుపు కుంకుమలు రాయికి అస్సలు పూయద్దు. పాత సున్నపురాయి స్పంజిలాగా పీల్చేసుకుంటుంది, ఇక ఏం చేసినా ఆ మరక పోదు.

అక్షరాలు కనిపించకపోతే గోకడం, బ్రష్షుతో రుద్దడం చేయకండి. నాచుతోపాటు అక్షరం అంచులు కూడా రాలిపోతాయి. ఫోన్ టార్చి వెలిగించి రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు రాయిని తాకుతున్నట్టు పట్టుకోండి. చెక్కిన గాడిలో నీడ పడి, అప్పటిదాకా ఉత్త గరుకు రాయిలా ఉన్నది పేరై కనిపిస్తుంది. మనవడికి ఆ పని అప్పగించండి, దయ్యాల సంగతి మర్చిపోతాడు.

ఎర్రచొక్కా:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, హైగేట్ పేరు ఎత్తారు కాబట్టి నా కడుపుమంట చెప్పుకుంటాను. డిగ్రీ రోజుల్నుంచీ మార్క్స్ సమాధి చూడాలని కోరిక. వెళ్తే గేటు దగ్గర టికెట్టు కౌంటర్! ఆస్తి అంతా అందరిదీ అన్న మనిషిని చూడ్డానికి కార్డు గీకాలా? ఇదేం న్యాయం? చచ్చినవాళ్ళ మీద వ్యాపారం కాక ఇంకేంటి. వెనక్కి తిరిగొచ్చేశాను, ఇంతవరకూ చూడలేదు. పైగా ట్యూబ్‌లో హైగేట్ స్టేషన్ అని పేరుంది కదా అని అక్కడ దిగి నానా దూరం నడిచాను.

పాతరాళ్ళు:

ఎర్రచొక్కా గారూ, ముందు దారి: హైగేట్ స్టేషన్ కాదు, ఆర్చ్‌వే స్టేషన్‌లో దిగాలి. అక్కడినుంచి గుట్ట ఎక్కి వాటర్లో పార్కులోంచి పోతే పార్కు గేటు పక్కనే శ్మశానం. ఈ పొరపాటు చేయనివాడు లేడు.

ఇప్పుడు టికెట్ సంగతి. మీ బాధ నాకు అర్థమవుతుంది, ఈ వైరుధ్యం మీద అక్కడి వాళ్ళే జోకులేసుకుంటారు. కానీ వ్యాపారం అన్న మాట దగ్గర నేను మీతో ఏకీభవించను, ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

1830ల దాకా లండన్‌లో చచ్చిపోయినవాళ్ళని వాళ్ళ పేట చర్చి దొడ్లోనే పూడ్చేవాళ్ళు. ఊరు పెరిగింది, దొడ్డి పెరగలేదు. ఒకరిమీద ఒకరిని పూడ్చీ పూడ్చీ కొన్ని చోట్ల నేల మట్టం చర్చి కిటికీల దాకా లేచింది, కొత్త గొయ్యి తవ్వితే పాత ఎముకలు బయటపడేవి. పారిస్‌లో ఊరి బయట 1804లోనే పెర్ లషేజ్ అని తోటలాంటి శ్మశానం పెట్టి ఉన్నారు, అలాంటిది మనకీ కావాలని ఇక్కడ గొడవ. 1831-32లో కలరా వచ్చాక ఇక ఆగలేదు. పార్లమెంటు 1832లో ఒక కంపెనీకి అనుమతి చట్టం ఇచ్చింది, ఆ కంపెనీ 1833లో తెరిచిందే మాస్టారు వెళ్ళబోతున్న కెన్సల్ గ్రీన్. ఆ తర్వాత పదేళ్ళలోపే ఊరి చుట్టూ ఇంకో ఆరు: వెస్ట్ నార్‌వుడ్, హైగేట్, ఆబ్నీ పార్క్, నన్‌హెడ్, బ్రాంప్టన్, టవర్ హామ్లెట్స్. ఏడింటినీ కలిపి ఇక్కడివాళ్ళు మాగ్నిఫిసెంట్ సెవెన్ అంటారు. పట్నం నడిమధ్య చర్చి దొడ్లలో పూడ్చడం ఆపించడానికి చట్టం 1852లో వచ్చింది.

గమనించారా, ఇవి మొదలుపెట్టినవి ప్రైవేటు కంపెనీలు, వాటాదార్లతో సహా. అంటే వ్యాపారం ఇప్పుడు మొదలైంది కాదు, అప్పుడే మొదలైంది! స్థలం ఉన్నన్నాళ్ళూ సమాధి స్థలాలు అమ్ముకుని బాగుపడ్డారు. స్థలం నిండిపోయాక ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? గోడలు కూలాయి, తోటమాలులకి జీతాల్లేవు, అడవి పెరిగింది. హైగేట్ పడమటి భాగం 1975లో గేట్లు మూసేశారు. అప్పుడు చుట్టుపక్కల జనం సంఘంగా ఏర్పడి, కత్తులూ రంపాలూ పట్టుకుని దారులు కొట్టుకుంటూ లోపలికి వెళ్ళారు. ఈ రోజుకీ దాన్ని నడిపేది ఆ సంఘం నుంచి వచ్చిన ట్రస్టే. టికెట్టు డబ్బు ఒరిగిన రాళ్ళు నిలబెట్టడానికీ, సమాధుల్లోకి వేళ్ళు దిగిన చెట్లు కొట్టడానికీ పోతుంది. చోటు చాలక పాత సమాధుల్ని మళ్ళీ వాడుకోవడానికి 2022లో ప్రత్యేకంగా చట్టం కూడా తెచ్చుకున్నారు.

అన్నీ అదే దారిలో పోలేదు. బ్రాంప్టన్ ప్రభుత్వానిది, రాయల్ పార్క్స్ అనే సంస్థ చూస్తుంది, ఊరికే వెళ్ళచ్చు, జనం పొద్దున్నే జాగింగ్ చేస్తుంటారు. నన్‌హెడ్ అక్కడి కౌన్సిల్ చేతికి వచ్చింది, టవర్ హామ్లెట్స్ అయితే పిట్టలకీ సీతాకోకచిలుకలకీ రిజర్వుగా మారిపోయింది. కెన్సల్ గ్రీన్ ఒక్కటీ విచిత్రం, 1832 నాటి అదే కంపెనీ ఇప్పటికీ నడుపుతోంది, ఆవరణలోనే దహనశాల కూడా ఉంది, అందుకే టికెట్టు లేకుండా సాగుతోందని నా అంచనా. అక్కడ కింద శవపేటికలు పెట్టే సొరంగపు గదులున్నాయి, వాటిలోకి మాత్రం మామూలుగా పోనివ్వరు. కొన్ని ఆదివారాల్లో ఆ శ్మశానం బాగు కోసం పనిచేసే "ఫ్రెండ్స్" సంఘం వాళ్ళు గైడెడ్ టూర్ చేస్తారు.

మార్క్స్ సంగతికొస్తే, 1883లో ఆయన్ని పూడ్చినప్పుడు పట్టుమని పదిహేను మంది కూడా లేరు. అది మారుమూల చిన్న సమాధి. ఇప్పుడు ఫోటోల్లో కనిపించే పెద్ద తలకాయ విగ్రహం 1956లో పెట్టింది, దానికి రెండేళ్ళ ముందు ఆయన్నీ కుటుంబాన్నీ అదే శ్మశానంలో మంచి చోటుకి మార్చారు. 2019లో ఎవరో సుత్తితో పాత పాలరాతి ఫలకాన్ని పగలగొట్టారు, మళ్ళీ కొన్నాళ్ళకే ఎర్రరంగు పూశారు. అదీ పరిస్థితి. మీరు ఆరోజు వెనక్కి తిరక్కుండా ఉండాల్సింది.

మాస్టారూ, మీరు కెన్సల్ గ్రీన్ వెళ్తున్నారు కాబట్టి ఇంకో మాట. రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారు ద్వారకానాథ్ కూడా అక్కడే ఉన్నారు, 1846లో లండన్‌లో పోయారు. ఆఫీసుకి రాసేటప్పుడు ఆ నంబరు కూడా అడగండి, ఒక్క ప్రయాణంలో రెండూ అవుతాయి. నయాగరా మీద తాడు కట్టి నడిచిన బ్లాండిన్ కూడా అక్కడే, మనవడికి దయ్యాల కన్నా ఈ కథ నచ్చుతుంది.

హైదరాబాదీ_కాకా:

మంచి చర్చ. నేను ఉన్నది హైదరాబాద్‌లో, లండన్ నాకు తెల్వదు, కానీ ఒకటి చెప్పాలనిపించింది. ఏ శ్మశానం రూల్ ఆ శ్మశానానిదే అన్నది మన దగ్గరా అంతే. కుతుబ్‌షాహీ సమాధులకి టికెట్ కొనుక్కుని పోతాం. మక్కా మసీదులో నిజాముల గోరీలు మసీదుకి వచ్చేవాళ్ళు అటు పోతూ ఇటు పోతూ చూస్తరు, ఏడో నిజాం మాత్రం అక్కడ లేడు, కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న మస్జిదె జూదీలో ఉన్నడు. పార్సీగుట్టకి ఆ పేరు పార్సీల మౌనస్తంభాల (వాళ్ళు పోయినవాళ్ళని ఉంచే కట్టడాలు) వల్ల వచ్చింది, అక్కడ బయటివాళ్ళకి ప్రవేశం లేదు, అది వాళ్ళ ఆచారం, మనం అడగకూడదు. మూసారాంబాగ్‌లో ఫ్రెంచి జనరల్ రేమాన్ సమాధి గుట్ట మీద ఉంది, 1798లో పోయినోడు, జనం నోట్లో ఆయన పేరే మూసారాం అయి పేటకి పేరైంది. ఆ పేటలో ఉంటున్నోళ్ళలో గుట్టెక్కి చూసినోళ్ళు ఎంతమంది? నేనే నలభై ఏళ్ళు వచ్చినంక పోయిన.

ఇంకోటి, మన కోస్తాలో ఒక ఊళ్ళో పాత తెల్లవాళ్ళ సమాధులు చూద్దామని పిల్లల్ని తీసుకుని పోతే గేటుకి తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్ళికి పోయిండంట. పక్కన టీ కొట్టాయన "రేపు రండి సార్" అన్నడు. గోడ మీదనుంచి తొంగి చూసి వచ్చేసినం. వాళ్ళ రిజిస్టర్ల సంగతి చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

బేకర్లూ_బాబాయి:

కాకా గారూ, తాళంచెవి పెళ్ళికి పోవడం సూపర్. ఇక్కడా అలాంటివి లేకపోలేదు, ఓల్డ్ స్ట్రీట్ దగ్గర బన్‌హిల్ ఫీల్డ్స్‌లో సమాధులు చాలావరకు కటకటాల వెనకే ఉంటాయి, జనం మధ్య దారిలో నడుచుకుంటూ సాండ్‌విచ్‌లు తింటూ పోతుంటారు. మాస్టారూ, ఏమైంది, మెయిల్ పెట్టారా?

కడప_పంతులు:

పెట్టినాను, పోయొచ్చినాము కూడా. ఆలస్యమైనందుకు క్షమించండి, అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మెయిల్ మా అమ్మాయి రాసింది. జవాబు వచ్చింది, గడి నంబరూ సమాధి నంబరూ ఒక కాగితం మీద రాసుకొని గురువారం పొద్దున బయల్దేరినాము. మా ఆవిడ రానంటే రానని, చివరికి "మీరు ఆ గుంటల్లో పడితే లేపేదెవరు" అని చెప్పులేసుకొని బయటికొచ్చింది. బూట్లేసుకోమని మళ్ళీ లోపలికి పంపించినాను. దోవలో హారో మార్కెట్టులో పసుపుపచ్చ చామంతులు కొనింది, బేరం చేయబోయింది కూడా.

గేటు పేరు రెండుసార్లు చదివినాను బాబాయి గారూ, మీ దెబ్బకి. లోపలికి పోతూనే మాకు మొదట కనిపించింది రామచిలుకలు! పచ్చగా, ముక్కు ఎర్రగా, మన ఊరి జామచెట్టు మీద వాలేవే. ఒక పెద్ద రాతి శిలువ మీద నాలుగు కూర్చొని ఒకటే అరుపు. ఇంత చలిలో ఇవెట్లా బతుకుతున్నాయో అని మా ఆవిడ అక్కడే పది నిమిషాలు నిలబడిపోయింది. ఆ తర్వాత ఆమెకు శ్మశానం అన్న ధ్యాస లేదు.

గడి దొరికింది కానీ ఆ గడిలో రాయి దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. నేను దారి మీదే నిలబడి నంబర్లు చదవడం, అమ్మాయి గడ్డిలో దిగి చూడడం. నడుమ ఒకసారి అంత్యక్రియల కార్లు వచ్చినాయి, గోదారి పాప చెప్పినట్లే పక్కకు తప్పుకొని నిలబడినాము, మనవడు తనంతట తానే టోపీ తీసినాడు, నేను చెప్పలేదు. టార్చి వాడి చేతిలోనే ఉన్నింది. వాడికి తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటా "తాతా, బి, ఆర్, ఓ" అని అరిచినాడు. ఆ "ఓ" దగ్గర నాకు గొంతు పట్టేసింది, ఆ తర్వాత ఎవరు ఏం మాట్లాడినారో గుర్తు లేదు.

అగరుబత్తి వెలిగించలేదు, జేబులో తీసుకుపోయింది అట్లే తెచ్చినాను. మా ఆవిడ పూలకున్న ప్లాస్టిక్ కవరు తీసి మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొని, చామంతులు పెట్టింది. నేను వేమన పద్యం ఒకటి చదువుదామనుకొని పోయినాను, నోరు పెగల్లేదు, ఆమే "ఉప్పు కప్పురంబు" మొదలుపెట్టింది, సగంలో నేను అందుకున్నాను. ద్వారకానాథుని దగ్గరికి పోలేదు, మోకాళ్ళు ఒప్పుకోలేదు, మన్నించండి. తాడు మీద నడిచినాయన దగ్గరికి మాత్రం మనవణ్ణి వాళ్ళమ్మ తీసుకుపోయింది. ఇప్పుడు వాడు ఇంట్లో సోఫా అంచు మీద నడుస్తున్నాడు.

ఇంటికొచ్చినాక అందరికీ తలస్నానాలు. మనవడి బూట్లతో సహా కడిగేసింది. రాత్రి అన్నం తింటూ అల్లునితో తనే అంటోంది, డార్కింగ్‌కు శనివారం రైళ్ళెట్లుంటాయో చూడమని. గోదారి పాపా, స్టేషన్ బయట టాక్సీలు నిలబడి ఉంటాయా, లేక ముందే ఫోన్ చేసి పిలిపించుకోవాల్నా?

గోదారి_పిల్ల:

మామూలుగా ఉంటాయి మాస్టారూ, కానీ శనివారం కదా, నమ్ముకోకుండా అల్లుడుగారిని ఫోన్‌లో ముందే బుక్ చేసి పెట్టమనండి. మా నాన్నకి మీ పోస్టు చదివి వినిపించాను. శనివారం మీరు వెళ్తున్నారంటే ఆయన అడిగిన మొదటి మాట, "గోదారి నీళ్ళు ఉన్నాయా వాళ్ళ దగ్గర?" మా ఇంట్లో ఇంకో చిన్న సీసా ఉంది. మేము వెంబ్లీలోనే ఉంటాం, శుక్రవారం సాయంత్రం హారోకొచ్చి ఇచ్చి వెళ్తాను, మీ అడ్రసు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.